ఎరువిచ్చిన ఖాతా

ఎక్కడ ఆగాం? శుక్రవారం క్లాసు అయిపోయింది, పిల్లలంతా బిలబిలమంటూ బయటపడ్డారు, గణేశ్ ఒక్కడే చివరి బెంచీ దగ్గర బ్యాగు పట్టీ మెలిపెడుతూ నిలబడి, “మేడమ్, నా అకౌంట్ బ్లాక్ చేశారండి” అన్నాడు. అక్కడ ఆగాం.

పోయిన వారం చదవనివాళ్ల కోసం నాలుగు ముక్కలు. నా పేరు జాయ్స్. మాది నర్సాపురం వైపు. అమ్మ రాస్ అల్ ఖైమాలో నర్సుగా చేసేది కాబట్టి నేనూ, తమ్ముడు ఐజక్కూ ఇక్కడే పెరిగాం. ఇప్పుడు నేను దుబాయ్‌లో ఒక ప్రైవేటు యూనివర్సిటీలో పాఠాలు చెబుతున్నాను. ఐజక్ రాస్ అల్ ఖైమాలో కంకర క్వారీ ఉద్యోగం పోగొట్టుకుని, ఆరు నెలలుగా మా ఇంటి సోఫా మీద కాపురం పెట్టాడు. కంపెనీ సెటిల్‌మెంటు డబ్బు రేపొస్తుంది, ఎల్లుండొస్తుంది అంటూ ఉంటాడు.

ఇక కోర్సు సంగతి. చదువై బయటికి వెళ్లే పిల్లలకి జీతం ఎలా దాచుకోవాలో, కార్డు ఎలా వాడాలో, అప్పుకి ఎప్పుడు సంతకం పెట్టకూడదో నేర్పాలని మా యూనివర్సిటీ పెద్దలకి ఈ ఏడాది బుద్ధి పుట్టింది. కామర్సు వాళ్లు చిన్నతనమనుకుని తప్పించుకున్నారు. చివరికి అది నా నెత్తిన పడింది. ఆ శుక్రవారం పాఠం, మీ బ్యాంకు ఖాతా ఇంకొకరి చేతికి ఇవ్వకండి అని. “మీ పళ్లు తోముకునే బ్రష్షు ఎవరికైనా ఎరువిస్తారా?” అన్నాను. క్లాసంతా పగలబడి నవ్వింది. గణేశ్ నవ్వలేదు.

సరే, ఇప్పుడు కథలోకి.

“ఎంత ఇస్తామన్నారు?” అని అడిగాను.

“ఎవరండి?”

“ఫోన్‌లో మెసేజ్ పెట్టినవాళ్లు. నీ ఖాతాలో డబ్బు వేస్తాం, కొంచెం ఉంచుకుని మిగతాది పంపెయ్ అన్నవాళ్లు. గంటసేపు నేను చెప్పింది అదేగా! ఎంత కమీషన్?”

వాడి మొహం ఎర్రబడింది. “కమీషనాండి? మా ఊరోళ్ల దగ్గరా? ఒక్క దిర్హం ముట్టుకోలేదండి. కావాలంటే మా అమ్మనడగండి.”

ఇందులోకి ఊరివాళ్లు ఎక్కణ్ణుంచి వచ్చారు? కూర్చోమన్నాను. వాడు కూర్చోలేదు. నేనూ కూర్చోలేకపోయాను. ఇద్దరం ఖాళీ క్లాసులో బెంచీల మధ్య అటూ ఇటూ తిరుగుతూ మాట్లాడుకున్నాం.

విషయం ఇది. గణేశ్ నాన్న రాజబాబు అల్ వర్సాన్‌లో గిడ్డంగుల దగ్గర డ్రైవరు. అమ్మ సత్యకుమారి నైఫ్ అనే పేటలో ఇంట్లోనే వండి కేరేజీలు పంపుతుంది. మా ఇంటికీ శుక్రవారం కేరేజీ అక్కణ్ణుంచే. ఆ ఇంటికి కోనసీమ నుంచి వచ్చి ఇళ్లల్లో పనిచేసే ఆడవాళ్లు సెలవు రోజున చేరతారు. రెండువేల ఇరవైలో కరోనా వచ్చి అందరూ లోపల బందీ అయినప్పుడు, డబ్బు పంపే ఎక్స్ఛేంజి దాకా వెళ్లే దారి వాళ్లకి లేకపోయింది. అప్పుడే కాలేజీలో చేరి కొత్తగా ఖాతా తెరిచిన గణేశ్, “పిన్నీ, మీరు పనిచేసే ఇంటావిడని జీతం నా అకౌంట్లో వేసేయమను, నేను ఫోన్‌లోంచి మీ ఇంటికి పంపేస్తా” అన్నాడు. ఒకరు వేయించారు. తర్వాత పదిమంది. కరోనా పోయింది, ఆ అలవాటు మాత్రం పోలేదు. ఇప్పుడు నైఫ్‌లో వాడి పేరు బ్యాంకు బాబు.

విని నాకు కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ దాని వెనకే సిగ్గులాంటిది ఇంకోటి వచ్చింది, అది నాకు నచ్చలేదు. ఈ కుర్రాడు నా క్లాసులో ఎప్పుడూ చెయ్యి ఎత్తడు. బడ్జెట్ పాఠం రోజు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. వీణ్ణి మొద్దబ్బాయి కింద జమకట్టేశాను.

“మరి ఇప్పుడెందుకు ఆపారు? ఇన్నేళ్లు ఊరుకున్నారు కదా?”

గణేశ్ కిటికీ వైపు తిరిగాడు. “ఈ మధ్య ఒక పెద్ద మొత్తం పడిందండి. ఒకాయన అడిగితే. తీసి ఆయన చేతికిచ్చేశాను. ఆ డబ్బు వేసినవాళ్లు కంప్లయింటు ఇచ్చారంట. రేపు పొద్దున్న బ్యాంకుకి రమ్మన్నారు. ఎవరిది, ఎందుకేశారు, ఎవరికిచ్చావు, అన్నీ చెప్పాలంట.”

“ఎవరాయన?”

వాడు మళ్లీ బ్యాగు పట్టీ మెలిపెట్టాడు.

“గణేశ్! నిన్నే.”

“చెప్పనని మాటిచ్చానండి.”

ఈ మాటివ్వడాలు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. దొంగపని చేయించేవాడు ముందు మన దగ్గర మాట తీసుకుంటాడు, మనం అదేదో బైబిలు మీద ప్రమాణం చేసినట్టు దాన్ని మోస్తాం. ఆ సంగతే చెప్పి కేకలేశాను. వాడు తల దించుకుని విన్నాడు. ఆఖర్న, “అది కాదండి, నాగరత్నమ్మ పిన్ని సంగతి ఏం చెయ్యాలండి?” అన్నాడు.

నాగరత్నమ్మ డబ్బు రెండేళ్లుగా వాడి ఖాతాలోనే ఉంది. ఊరికి పంపితే మొగుడూ మరుదులూ నెల తిరగకుండా తినేస్తారని ఆవిడ భయం. ఆదివారం రాత్రి విమానం. వీసా కేన్సిల్ చేయించుకుని, మళ్లీ రాకుండా వెళ్లిపోతోంది.

“ఆవిడకి చెప్పావా?”

“లేదండి.”

“మీ అమ్మకి?”

“లేదండి.”

“పద,” అన్నాను.

యూనివర్సిటీ నుంచి నైఫ్‌కి ఆ దారి ఎన్నిసార్లు వెళ్లుంటానో! ఆరోజు మాత్రం ప్రతి సిగ్నలూ నన్నే ఆపడానికి కాచుకున్నట్టు ఎర్రబడింది. నమాజు వదిలిన వేళ, రోడ్డు నిండా జనం. నేను స్టీరింగు మీద వేళ్లతో దరువేస్తున్నాను. వాడు సీటు బెల్టు లాగుతున్నాడు, వదులుతున్నాడు. టక్, టక్. “ఆపరా బాబూ,” అన్నాను. అరనిమిషం ఆపి మళ్లీ మొదలెట్టాడు.

“మేడమ్, ఒకవేళ ఆయన మంచాయనే అయితేనో? ఆయనకే తెలీకపోతేనో?”

“తెలియకపోతే బ్యాంకుకి వచ్చి తెలియదని చెప్తాడు. నీ వెనక దాక్కోవడం ఎందుకు?”

“మనకి బాగా కావలసినోళ్లయితేనండి?”

“మీ నాన్నయినా సరే. పేరు బయటపెట్టాల్సిందే.”

వాడు నా వైపు ఒకసారి చూశాడు. ఆ చూపేమిటో నాకు అర్థం కాలేదు. బండి పెట్టుకునే చోటు కోసం వీధి చుట్టూ తిరిగి తిరిగి, సెల్‌ఫోన్ కవర్ల కొట్టు వెనక ఎలాగో ఇరికించాను.

మెట్లెక్కుతుంటేనే తాలింపు వాసన. సత్యకుమారి ఇంట్లో ముందుగది అంతా స్టీలు కేరేజీలు, ఆవకాయ జాడీలు. చాప మీద నలుగురైదుగురు ఆడవాళ్లు కాళ్లు చాపుకుని కూర్చుని ఉన్నారు. మధ్యలో తాడుతో బిగించిన పెద్ద అట్టపెట్టె, దాని మీద చెయ్యి వేసుకుని నాగరత్నమ్మ. ముందు కూడా ఒకటి రెండుసార్లు చూశాను ఆవిణ్ణి. ఆరోజు మాత్రం పెళ్లివారింట్లో మనిషిలా ఉంది, తలస్నానం చేసి, కొత్త చీర కట్టుకుని.

“ఆయ్, మేడంగారూ! రండి రండి! మా మామా రెండ్రోజుల ముందే వదిలేసిందండి. ఖలాస్! బతాకా కూడా చేతిలో పెట్టేసింది.” ఇంటి యజమానురాలిని వీళ్లంతా మామా అంటారు. గుర్తింపు కార్డు బతాకా. పదకొండేళ్ల పాటు ఆ కార్డు ఆ మామా బీరువాలోనే ఉంది. ఇక ఈవిడ బ్యాంకుకి వెళ్లి ఖాతా తెరిచేదెక్కడ? “గణేశూ, వచ్చావా నాయనా? రేపు తీసిత్తావు కదా నా డబ్బులు? రాజోలు బస్టాండు కాడ కొట్టు మాటాడుకున్నానండీ మేడంగారూ. ఇడ్లీ, పూరీ ఏద్దారని. బుధారం లోపు అడ్వాన్సు కట్టకపోతే ఇంకోళ్లకి ఇచ్చేత్తానన్నాడు ఆ కొట్టాయన.”

గణేశ్ గుమ్మంలోనే ఆగిపోయాడు. చెప్పులు కూడా విప్పలేదు.

సత్యకుమారి గరిటె పట్టుకుని వంటింట్లోంచి వచ్చింది. కొడుకుని చూసింది, నన్ను చూసింది. “ఏవైందండి? ఈడేవైనా ఫెయిలయ్యాడాండి?”

“చెప్పు,” అన్నాను గణేశ్‌తో.

వాడు చెప్పలేకపోయాడు. నేనే చెప్పాను. ఖాతా ఆపేశారని, అందులో ఉన్నదంతా ప్రస్తుతానికి కదలదని, రేపు బ్యాంకువాళ్లు అడిగినవాటికి నిజం చెబితే ఏమైనా దారి దొరకవచ్చని. క్లాసులో చెప్పినట్టే మెల్లగా, విడమరిచి చెప్పాను. నా గొంతు నాకే పరాయిగా వినపడింది.

వంటింట్లో ఏదో మాడుతున్న వాసన వచ్చింది, ఎవరూ పట్టించుకోలేదు.

“కదలదంటే?” అంది నాగరత్నమ్మ.

“తీయడానికి లేదు, పంపడానికి లేదు.”

“నా డబ్బులేనాండి? నాయ్యి ఎందుకు ఆపుతారండి? నేనేం చేశానండి?”

“బ్యాంకు దృష్టిలో అవి మీవి కావమ్మా. ఖాతా గణేశ్‌ది. మీ పేరు అందులో ఎక్కడా లేదు.”

అనేశాను. నిజమే కదా. కానీ ఆ నిజం ఆవిడ మొహం మీద పడ్డప్పుడు నేను చూడాల్సి వచ్చింది. అట్టపెట్టె మీది చెయ్యి తీసేసింది. లేచింది. గణేశ్ దగ్గరికి వెళ్లి రెండు భుజాలూ పట్టుకుని ఊపింది.

“నిన్ను నమ్మానురా! మా ఆయన్ని నమ్మలేదు, మా తోడబుట్టినోణ్ణి నమ్మలేదు, నిన్ను నమ్మాను! ఒట్టి చేతుల్తో ఏ మొగం పెట్టుకుని దిగమంటావురా నన్ను?”

“పిన్నీ, పిన్నీ...” అంటూ వాడు ఏడ్చేశాడు. ఇరవై రెండేళ్లవాడు, చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. సత్యకుమారి అడ్డం వెళ్లి, “నా కొడుకు దొంగ కాదొదినా!” అని అరిచింది. చాప మీద వాళ్లు లేచారు. మావీ ఉన్నాయి, మావీ ఉన్నాయి అని తలా ఒక మాట. ఒకామె నా మీదికి వచ్చింది. “మీ కాలేజీవోళ్లే చెప్పుంటారు బ్యాంకోళ్లకి. ఇన్నేళ్లూ లేంది ఇప్పుడే ఎందుకొచ్చింది?”

“నేనెవరికీ చెప్పలేదు!” అని నేనూ అరిచాను. ఆ గదిలో అందరికంటే గట్టిగా అరిచింది నేనే అనుకుంటాను. కింద కొట్టువాడికి కూడా వినపడి ఉంటుంది.

ఆ అరుపుకి అందరూ ఒక్క క్షణం ఆగారు. ఆ సందు దొరకబుచ్చుకున్నాను.

“వినండి. మీ అందరి జీతాలూ ఏ ఇంటి నుంచి వచ్చాయో చూపించగలం. మీ ఇంటావిడలని అడిగి ఒక్కొక్కరి మాటా రాయిస్తాను. దానికి నాది పూచీ. చిక్కు వాటితో కాదు. ఒక మనిషి గణేశ్ ఖాతాలో డబ్బు వేయించుకుని, నోట్లు చేతిలో పెట్టించుకుని పోయాడు. ఆ మనిషెవరో వీడు చెప్పడం లేదు. వాడి పేరు రేపు బ్యాంకులో చెబితే కొంత ఆశ. చెప్పకపోతే ఆ నేరం మొత్తం వీడి నెత్తినే ఉంటుంది, మీ డబ్బూ అక్కడే ఉంటుంది.”

“ఎవడ్రా ఆడు?” అంది నాగరత్నమ్మ.

గణేశ్ చొక్కా చేతితో మొహం తుడుచుకున్నాడు. ఆవిణ్ణి చూడలేదు, నన్నే చూశాడు. “చెప్పమంటారాండి?”

“చెప్పు.”

“ఇక్కడేనాండి? అందరి ముందరా?”

“వీళ్ల డబ్బే కదా పోయేది. వీళ్ల ముందరే చెప్పాలి. ఎవడైనా సరే. రేపు పోలీసు స్టేషనుకి వెళ్లాల్సి వస్తే నేను పక్కన నిలబడతాను, నాగరత్నమ్మగారి డబ్బు వచ్చేదాకా వదలను. ఇంకా ఏం కావాలి నీకు?”

నేను ఎంత గొప్పగా అన్నానో ఆ మాట! సత్యకుమారి నాకు దణ్ణం కూడా పెట్టింది.

గణేశ్ పేరు చెప్పలేదు. జేబులోంచి ఫోన్ తీసి, వేలితో పైకి జరిపాడు, జరిపాడు. ఒక వాయిస్ మెసేజ్ దగ్గర ఆపి, నొక్కి, ఫోన్ కేరేజీల మీద పెట్టేసి గోడ వైపు తిరిగిపోయాడు.

“తమ్ముడూ గణేశూ, నేనురా. పని ఏం లేదు, చిన్న సాయం. మా కంపెనీవాళ్లు సెటిల్‌మెంటు వేస్తామంటున్నారు. నా అకౌంట్ చూస్తే లోను ఇచ్చినోళ్లు పట్టేశారు కదా, పడితే వాళ్లే మింగేస్తారు. నీ దాంట్లో వేయిస్తా, తీసి ఇచ్చెయ్. నైఫ్‌లో అందరికీ చేస్తావంటగా, మీ అమ్మగారు కేరేజీ ఇస్తూ చెప్పారులే. ఒక్కటే మాట, మా అక్కకి మాత్రం చెప్పకు. ఊరికే కంగారుపడిపోద్ది. మీ మేడమే కదా, నీ మార్కుల సంగతి నేను చూసుకుంటాలే...”

చివర్న చిన్న నవ్వు. నాకు ఎనిమిదేళ్లప్పుడు నా చేతుల్లో పెట్టిన నవ్వు అది. అమ్మ నైట్ డ్యూటీకి వెళ్తే నేను అన్నం పెట్టి పడుకోబెట్టిన పిల్లాడి నవ్వు.

ఐజక్.

వారం కిందట వాడు మా ఇంట్లోకి కొత్త మిక్సీ తెచ్చాడు. స్నేహితుడి దగ్గర పాత బాకీ వసూలైందన్నాడు, నేను నమ్మాను. రోజూ పొద్దున్న ఆ మిక్సీలోనే చట్నీ చేసుకుని తిని, వచ్చి పిల్లలకి నీతులు చెబుతున్నాను. వాడికి తెలిసే చేశాడా? ఎవరో వాణ్ణి కూడా మోసం చేశారా? కంపెనీ వేయాల్సిన డబ్బు మీద ఎవరో కంప్లయింటు ఎందుకిస్తారు? ఒక్కదానికీ జవాబు తెలియదు. ఇందాకట్నుంచీ గణేశ్ ఎవరిని కాపాడుతున్నాడో అది మాత్రం తెలిసింది. వాడు మాట నిలబెట్టుకున్నది ఐజక్ కోసం కాదు, నా కోసం.

“మీ తమ్ముడాండి?” అంది సత్యకుమారి. చేతిలో గరిటె ఇంకా అలాగే ఉంది. “ఆ బాబేనాండి? ప్రతి శుక్కురారం ఆంటీ ఆంటీ అంటా వచ్చే బాబు?”

తల ఊపాను.

నాగరత్నమ్మ నా ఎదురుగా వచ్చి నిలబడింది. కేకలేస్తుందనుకున్నాను. వేస్తే బాగుండేది. “అమ్మా, ఇప్పటిదాకా ఎవడైనా సరే అన్నారు. పేరు సెప్పాల్సిందే అన్నారు. ఇప్పుడూ అదే మాటాండి? ఆదోరం రేత్రి నా ఫ్లైటు. మీ తమ్ముడెవరో, మంచోడో సెడ్డోడో నాకొద్దు. నాకు మీరో మాట సెప్పండి.”

నాకు ముందు అమ్మ గుర్తొచ్చింది. తమ్ముణ్ణి చూసుకో అని, ఊరికి వెళ్లిపోయేముందు ఎయిర్‌పోర్టులో నా చెయ్యి పట్టుకుని చెప్పిన అమ్మ. ఇక్కడ పోలీసు కేసు పడితే వాడు జైలుకెళతాడు, ఆ తర్వాత దేశం నుంచే పంపేస్తారు. గణేశ్ గోడ వైపు నుంచి ఇంకా తిరగలేదు. వాడికి కూడా పడేది అదే శిక్ష. వాడికి కూడా అమ్మ ఉంది, నా పక్కనే, గరిటెతో.

అప్పుడే కాలింగ్ బెల్ మోగింది.

ఎవరూ కదల్లేదు. మళ్లీ మోగింది. ఆ తర్వాత ఎప్పటిలాగే తలుపు మీద రెండు దరువులు.

“సత్యకుమారి ఆంటీ! కేరేజీ!”

శుక్రవారం. నమాజు రద్దీ తగ్గాక వచ్చి ఖాళీ కేరేజీ ఇచ్చి నిండుది పట్టుకెళ్లడం వాడి పని. ఆరు నెలల్లో నేను వాడికి అప్పగించిన పని అదొక్కటే. ఎన్నడూ ఆలస్యం చేయలేదు.

సత్యకుమారి అడుగు వేయబోయింది. నాగరత్నమ్మ ఆవిడకంటే ముందే వెళ్లి తలుపు గడియ మీద చెయ్యి వేసింది. తియ్యలేదు. తల తిప్పి నా వైపు చూసింది. గణేశ్ కూడా తిరిగాడు. గదిలో అందరూ నన్నే చూస్తున్నారు. నా క్లాసులో పిల్లలు ఏనాడూ నా మాట కోసం అలా ఎదురుచూడలేదు.

“తియ్యండి,” అన్నాను.

తలుపు తెరుచుకుంది. గుమ్మంలో ఐజక్, చేతిలో ఖాళీ కేరేజీ. నన్ను అక్కడ చూసి వాడు ఉలిక్కిపడలేదు. పైగా బతికానన్నట్టు కళ్లు మూసుకుని, “అక్కా,” అన్నాడు.

వాడి భుజం మీద నేనెన్నడూ చూడని మనిషి చెయ్యి ఉంది. మిగతాది వచ్చే వారం.